నాగర్‌కర్నూల్ శబ్దము: హోస్టు పేళ్లలోఁ గనఁబడని గుఱుతు

తెలుఁగు లిపిలోని ‘భారత్’ అను చిరునామా తుది భాగము 2011వ సంవత్సరమున ఇంటర్నెట్ మూలపట్టికయందుఁ జేరినది. వెబ్ చిరునామానుండి హోస్టు పేరును విడఁదీయు ప్రోగ్రాములను వ్రాయువారు ఇఁకఁ దెలుఁగు వ్రాఁతను గూడఁ జక్కగా నెఱుఁగవలసియున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లా కేంద్రములైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణముల పేళ్లు ఇందుకు మంచి పరీక్ష.

మొదటి రెంటితోఁ జిక్కు లేదు. ‘ద్వా’, ‘ర్తి’ అనునవి సంయుక్తములు. హల్లు, పొల్లు, మరల హల్లు వరుసగా నున్నఁ జాలును. (విద్వద్గద్వాల యని ప్రసిద్ధికెక్కిన సంస్థానము సంయుక్తాక్షరములకు వెఱచునా!) మూఁడవ పేరు వేఱు. అందు మొదటి రకారము పొల్లుగా నిలిచి కకారముతోఁ గలియదు. రెండవ రకారము నకారముతోఁ గలియును. ఈ భేదమును యంత్రమునకుఁ దెలుపుటకై మొదటి పొల్లు వెంట కనఁబడని గుఱుతొకటి యుంచవలయును. యూనికోడునందు దాని సంఖ్య 200సి. అది లేనిచో ‘నాగర్కర్నూల్’ అగును. గుఱుతుతో నీ పేరునందు 13 సంకేతములు, తీసివేసినచో 12.

డొమైను పట్టికలు లాటిన్ అక్షరములను, అంకెలను, అడ్డగీఁతను మాత్రమే మోయుచున్నవి. అందుచేఁ దెలుఁగు పేరును ప్యూనీకోడను పద్ధతిచే మార్చి పంపుదురు. 2003 నాఁటి నియమము మార్పునకు ముందే గుఱుతును దుడిచివేయును. 2010 నాఁటి నియమము, తెలుఁగునకు సంబంధించినంతవఱకు, పొల్లు వెంట నున్న గుఱుతును నిలిపి తక్కినచోట్ల నిషేధించును. తత్ఫలితముగ నొకే వ్రాఁతకు రెండు హోస్టులేర్పడుచున్నవి.

ఇది వట్టి శంక కాదు. పైథానుతోఁ గూడ వచ్చు ‘ఐడీఎన్‌ఏ’ మార్పిడి 2003 నాఁటిదానినే పాటించును. నేఁటి ప్రధాన బ్రౌజర్లు గుఱుతును నిలుపును. పైథానులో వ్రాసిన కావలి ప్రోగ్రాము 12 సంకేతముల హోస్టును జూచి మంచిదని యనుమతించును. చదువరి బ్రౌజరు 13 సంకేతముల హోస్టును దెఱచును. ఆ రెండును వేఱువేఱు వారివైనచో మోసమునకుఁ దలుపు తీసినట్లే. తుది భాగములయం దీ గుఱుతును మూలపట్టిక యనుమతింపదు. దిగువ భాగములయందు నిర్ణయము ఆయా రిజిస్ట్రీలది.

‘నాగరుకర్నూలు’ అని అజంతముగా వ్రాసిన నీ బాధయే యుండదు గదా యని పండితులనవచ్చును. వ్యాకరణదృష్టి నది యుక్తమే. కాని వర్ణక్రమమును దిద్దుట ప్రోగ్రాము పని కాదు. వ్రాసినవాఁడు వ్రాసినదానిని జేర్చుటయే దాని పని.

కావున మొదట ‘@’ గుఱుతునకు ముందున్న వాడుకరి భాగమును, చివరనున్న పోర్టు సంఖ్యను వేఱుచేసి హోస్టును దీయవలయును. శాతపు గుఱుతుతో దాఁచిన సంకేతములను విప్పవలయును; కనఁబడని గుఱుతు తఱచుగా నందే యుండును. పిదప యూనికోడు క్రమపఱపు జరుపవలయును. ఏలయన, ఐత్వమును రెండు సంకేతములతోను వ్రాయవచ్చును, ఒకదానితోను వ్రాయవచ్చును. ఆమీఁదనే 2010 నాఁటి నియమముతోఁ బరీక్షించి ప్యూనీకోడునకు మార్పవలయును. పైథానులో నిందులకు వేఱుగా దొరకు ‘ఐడీఎన్‌ఏ’ మాడ్యూలు చాలును. రెండు హోస్టులొకటియా కాదా యని పోల్చుటయు, ఒక్కొక్క భాగమునకు 63 అక్షరముల హద్దును జూచుటయు మార్చిన రూపముననే చేయవలయును గాని, కంటికిఁ గనఁబడు తెలుఁగు రూపమునఁ గాదు.