ట్రక్కు, చెక్‌బాక్సు, మూడు ప్రశ్నలు

కిందటేడు చలికాలంలో ఒక శనివారం పొద్దున్నే మిత్రుడొకాయన ఫోను చేశాడు. "ఇంటికొస్తాను, ఫోన్లో చెప్పేది కాదు" అన్నాడు. పదిహేనేళ్ళుగా సంక్రాంతికీ ఉగాదికీ కలుసుకుంటున్న కుటుంబాలు మావి. అయినా వాళ్ళబ్బాయి మూడేళ్ళు జైల్లో ఉండి వచ్చాడని నాకు తెలిసింది ఆ రోజే. కాలేజీలో మాదకద్రవ్యాలు అమ్మిన కేసు. "వాడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం" అని అందరికీ చెబుతూ వచ్చారు.

కుర్రాడికి ట్రక్కు నడపాలని ఉంది. ట్రైనింగు ఇచ్చి చేర్చుకునే కంపెనీలకి ముప్ఫై దాకా దరఖాస్తులు పెట్టాడు. కొన్నింటికి నిమిషంలోనే "వద్దు" అని జవాబు వచ్చింది. "నువ్వు కంప్యూటర్లవాడివి కదా, అవి ఎక్కడ ఆగిపోతున్నాయో చూసిపెట్టు" అన్నాడు మిత్రుడు.

ఎక్కడ ఆగిపోతాయో నాకు చూడకుండానే తెలుసు. పన్నెండేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట ఉద్యోగ దరఖాస్తులని వడపోసే ప్రోగ్రాము రాశాం. "మీకెప్పుడైనా నేరానికి శిక్ష పడిందా?" అన్న చెక్‌బాక్సులో టిక్కు కనిపిస్తే దరఖాస్తు పక్కకి పోతుంది. ఆ ఒక్క లైను రాసింది నేనే. టెస్టింగులో చక్కగా పాసయింది. ఆ సంగతి మిత్రుడితో చెప్పలేకపోయాను. నెల రోజులు కూర్చుని అసలు చట్టం ఏమంటుందో చదివాను. చదివింది మనవాళ్ళలో ఇంకెవరికైనా, బయటికి అడగలేని వాళ్ళకి, పనికొస్తుందని రాస్తున్నాను.

అమెరికాలో ట్రక్కు ఎక్కడానికి మూడు గుమ్మాలు దాటాలి.

మొదటిది లైసెన్సు. బండీ, ట్రైలరూ కలిపి 26,001 పౌన్లూ అంతకు మించీ తూగే పెద్ద ట్రక్కులకి సాధారణంగా క్లాస్ ఎ కమర్షియల్ లైసెన్సు కావాలి. 2022 ఫిబ్రవరి 7 నుంచి, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఫెడరల్ ప్రభుత్వం దగ్గర నమోదైన బడిలోనే శిక్షణ పొందాలి. ఆశ్చర్యమేమిటంటే, జైలుకి వెళ్ళొచ్చినంత మాత్రాన ఫెడరల్ నిబంధనలు లైసెన్సు కాదనవు. అవి చూసేది ముఖ్యంగా బండితో చేసిన తప్పుల్ని. కమర్షియల్ లైసెన్సు ఉన్నవాడు తాగి నడిపితే మొదటిసారి కనీసం ఏడాది, రెండోసారి జీవితకాలం అనర్హత. పదేళ్ళ తరవాత రాష్ట్రం కావాలనుకుంటే తిరిగి ఇవ్వవచ్చు. అదే బండిని వాడి మాదకద్రవ్యాలు అమ్మినా, మనుషుల్ని అక్రమంగా రవాణా చేసినా ఆ పదేళ్ళ వెసులుబాటు కూడా లేదు. మావాడికి అప్పట్లో కమర్షియల్ లైసెన్సు లేదు, కనక ఇవేవీ వర్తించవు.

రెండో గుమ్మం, ఎక్కడికి, ఏ సరుకుతో వెళ్ళవచ్చు అన్నది. పెట్రోలు వంటి ప్రమాదకర సరుకు తోలాలంటే రవాణా భద్రతా సంస్థ, అంటే టీఎస్ఏ, వేలిముద్రలు తీసుకుని పాత చరిత్ర చూస్తుంది. హత్య, దేశద్రోహం వంటివి శాశ్వతంగా అడ్డు. మాదకద్రవ్యాల అమ్మకమైతే శిక్ష పడి ఏడేళ్ళూ, జైలు నుంచి వచ్చి ఐదేళ్ళూ దాటాలి. ఓడరేవుల్లోకి వెళ్ళే కార్డుకీ ఇదే లెక్క. కాదంటే మినహాయింపు కోరే హక్కుంది. కెనడా సరిహద్దులో పాత నేరం చూపించి వెనక్కి పంపవచ్చు. పెరోల్ మీద ఉన్నవాడు రాష్ట్రం దాటాలంటే అనుమతి కావాలి. అందుకే మొదట ఊరి చుట్టుపక్కల తిరిగే పని వెతుక్కోవడం మేలు.

మూడోది కంపెనీ గుమ్మం. కష్టమంతా ఇక్కడే. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, దాని వెనక ఇన్సూరెన్సువాళ్ళ షరతులు. 1970లో బక్ గ్రీన్ అనే నల్లజాతి యువకుడు సెయింట్ లూయిస్‌లో మిస్సోరీ పసిఫిక్ రైల్వేలో గుమాస్తా పనికి వెళ్ళాడు. సైన్యంలో చేరనన్నందుకు జైలుకి వెళ్ళొచ్చాడని కాదన్నారు. శిక్ష పడిన ప్రతివాణ్ణీ గుడ్డిగా తోసేసే పద్ధతి చెల్లదని 1975లో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ కేసులోంచే మూడు ప్రశ్నలు పుట్టాయి: నేరం ఎలాంటిది? ఎంత కాలమైంది? ఈ పనికీ దానికీ సంబంధమేమిటి? 2012లో సమాన ఉద్యోగావకాశాల కమిషన్ కూడా యజమానులకి ఇవే సూచించింది. చట్టం మూడడగమంటే నా ప్రోగ్రాము ఒక్కటే అడిగింది.

ఇక చేయవలసిన పనులు. బడికి ఫీజు కట్టకముందే కంపెనీల రిక్రూటర్లకి ఫోను చేసి, ఉన్నదున్నట్టు చెప్పి, తీసుకుంటామని కాగితం మీద రాయించుకోవాలి. దరఖాస్తులో అబద్ధం రాయకూడదు. ఆ తరవాత బయటపడితే పాత నేరం కన్నా కొత్త అబద్ధమే ఉద్యోగం ఊడగొడుతుంది. కోర్టు కాగితాల నకలు దగ్గరుంచుకోవాలి. బయటి సంస్థ ఇచ్చిన నివేదిక చూసి కాదంటే, దాని ప్రతి అడిగి తీసుకోవచ్చు; తప్పులుంటే దిద్దించుకోవచ్చు. యజమాని జంకితే, 1966 నుంచి ఉన్న ఫెడరల్ బాండింగ్ పథకం గురించి చెప్పాలి. ఉద్యోగి దొంగతనం చేస్తే నష్టం భరించే పూచీ అది; మొదటి ఆరు నెలలు యజమానికి ఖర్చు ఉండదు.

ఇదంతా కుర్రాడికి చెప్పి, నేను రాసిన ఆ లైను సంగతీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అంకుల్, మరి ఆ బాక్సు లేని చోట్లే వెతుకుదాం" అన్నాడు.

చివరికి కంకర తోలే ఒక చిన్న కంపెనీలో దొరికింది. ఆ యజమాని ఏ కోర్టు తీర్పూ చదివి ఉండడు. ఏం చేశావు, ఎన్నేళ్ళయింది, నా బండికి దానివల్ల ఏమైనా ముప్పుందా అని అడిగాడట. అంతా విని తాళం చేతికిచ్చాడు.

మొన్న ఉగాదికి ఎవరో "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అనడిగితే మిత్రుడు "ట్రక్కు నడుపుతున్నాడు" అన్నాడు, తల దించుకోకుండానే. జైలు మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఈ వ్యాసం అచ్చుకి పంపేముందు ఆయనకి చదివి వినిపించాను. "పేర్లు లేకుండా వేయించు" అన్నాడు.