చాప్లిన్‌కు దర్శకురాలు

వదులు ప్యాంటు, బిగుతు కోటు, చేతికర్ర. చార్లీ చాప్లిన్ ఈ వేషం మొదట కట్టింది 1914లో, 'మేబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్' అనే చిన్న మూగ సినిమా కోసం. పేరు చూడండి, అది మేబెల్ సినిమా. హోటల్లో తన గది తలుపు మూసుకుపోయి, రాత్రి బట్టలతో వరండాలో చిక్కుకుపోయిన అమ్మాయిగా మేబెల్ నార్మండ్ నటించింది. తాగి తూలుతూ ఆమె వెంటపడేవాడు చాప్లిన్.

న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలండ్‌లో పుట్టిన మేబెల్, చిన్న వయసులోనే చిత్రకారులకు మోడల్‌గా కూర్చుని, అక్కణ్నుంచి బయోగ్రాఫ్ సినిమా కంపెనీకి వచ్చింది. 1912లో నిర్మాత మాక్ సెనెట్ కీస్టోన్ స్టూడియో పెడితే అందులో ప్రధాన తార ఆమే. రెండేళ్లకల్లా తన సినిమాలు తానే తీయసాగింది.

'మేబెల్ ఎట్ ది వీల్'లో ఆమె దర్శకురాలు, చాప్లిన్ కొత్త నటుడు. నీళ్ల పైపుతో ఓ హాస్యం జోడిద్దామని ఆయన, టైము లేదని ఆమె. ఆయన అలిగి రోడ్డు పక్కన కూర్చున్నాడు. ఇది తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. తర్వాత రాజీపడి కలిసే పనిచేశారు. చాప్లిన్ మహాకళాకారుడు, సందేహం లేదు. కానీ ఆనాడు కెమెరా ముందు ఆయన నేర్చుకునేవాడు, ఆమె ఆరితేరింది. అలాంటి మనిషిని చాప్లిన్ పక్కన నటించిన అమ్మాయిగా మాత్రమే తలచుకోవడం అన్యాయం.

1918లో ఆమె నటించిన 'మికీ' ఘనవిజయం సాధించింది. 1922 ఫిబ్రవరి 1 సాయంత్రం దర్శకుడు విలియం డెస్మండ్ టేలర్ ఇంటికి ఆమె వెళ్లొచ్చింది. మర్నాడు పొద్దున ఆయన శవమై కనిపించాడు. హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు. మేబెల్‌పై ఏ నేరమూ మోపలేదు, అయినా పత్రికలు వదల్లేదు. ఆ తర్వాత ఆమె డ్రైవరు ఆమె పిస్టలుతోనే ఒక మిత్రుణ్ని కాల్చడంతో పరువు మరింత పోయింది. 1930లో క్షయతో, నలభై నిండకుండానే చనిపోయింది.

ఈ గొడవల నడుమనే 1923లో 'ది ఎక్‌స్ట్రా గర్ల్' వచ్చింది. తారను కావాలని హాలీవుడ్ చేరిన పల్లెటూరి పిల్ల స్టూడియోలో బట్టల విభాగంలో పనికి కుదురుతుంది. ఒకరోజు సింహం వేషం కట్టిన కుక్క అనుకుని, అసలు సింహానికే తాడు కట్టి స్టూడియో అంతా తిప్పుతుంది. చుట్టూ జనం పరుగులు పెడుతుంటే ఆమె ముఖంలో విసుగు తప్ప భయం ఉండదు. ఎగిరిపడటం లేదు, కళ్లు తిప్పడం లేదు. మొండికేసిన కుక్కను లాక్కెళ్తున్నట్టే నడుస్తుంది. ఆ సినిమా ఇప్పటికీ దొరుకుతుంది. మేబెల్‌ను చూడాలనుకునేవారు ఆ సింహంతోనే మొదలుపెట్టాలి.