వెలుగుకే అద్దె

దీపాలు కొనకుండా వెలుగుకు మాత్రమే డబ్బు కట్టే పద్ధతి ఇది. దీపం, దాని మరమ్మతు రెండూ కంపెనీ బాధ్యతే. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయం 2015లో ఫిలిప్స్‌తో ఇలాంటి ఒప్పందమే చేసుకుంది.

మన దగ్గర దీనికి దగ్గరి రూపం ప్రభుత్వ రంగ ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్ఎల్ వీధిదీపాలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దెబ్బతీసిన విశాఖలో ఆ సంస్థే సుమారు 90 వేల ఎల్ఈడీలు బిగించింది. అలా ఆదా అయిన కరెంటు ఖర్చులోంచి నగరపాలక సంస్థ వాయిదాలు కట్టాలన్నది ఒప్పందం. పొద్దుగూకగానే దీపాలు వెలిగించే పని స్తంభానికి బిగించిన కంట్రోల్ పెట్టె చూసుకుంటుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి చిన్న పట్టణాలకు ఒక్కసారే పెట్టుబడి పెట్టడం భారం కనుక ఈ పద్ధతి నప్పుతుంది. అయితే ఆరిన దీపాన్ని ఎన్ని గంటల్లో వెలిగించాలో, లేకుంటే చెల్లింపులో ఎంత కోత పడుతుందో ఒప్పందంలోనే రాసుకోవాలి.