కాలిన గాయానికి పథ్యమేల?

చెరుకు కోతలు మొదలయ్యాయంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో బెల్లం వాసన గాలిలో తేలుతుంది. పెనంలో సలసల కాగే రసం దగ్గర ఒక్క క్షణం ఏమరితే చాలు, ఒళ్లు బొబ్బలెక్కడానికి. ఇళ్లలోనైతే వేడి గంజి, నూనె మూకుడు. గాయం పెద్దదైతే నూరు కిలోమీటర్లు దాటి హైదరాబాద్ పోవాల్సిందే. అక్కడ వైద్యులు చూసుకుంటారు. ఇంటికొచ్చాకే అసలు చిక్కు! 'పప్పు పెడితే చీము పడుతుంది... గుడ్డు వేడి... మాంసం ముట్టనీయొద్దు' అంటుంది పక్కింటి అమ్మమ్మ. ప్రేమతోనే అంటుంది పాపం. రెండు పూటలా చారన్నమే గతి.

నిజానికి చీము పట్టేది పప్పుతో కాదు, సూక్ష్మక్రిములతో. వాటితో పోరాడాల్సిన ఒంటికి అప్పుడే తిండి ఎక్కువ కావాలి. పెద్ద గాయమైతే లోపలి పొయ్యి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఆరదు. బయటి నుంచి ఇంధనం అందకపోతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. పుండు నుంచి కారే రసితో మాంసకృత్తులు, జింకు, రాగి కూడా పోతుంటాయి.

ఇక పేగు సంగతి. దాని లోపలి పొర ఒకే ఒక కణం మందం. ఇవతల కోట్లాది బాక్టీరియా, అవతల రక్తం. ఒళ్లు బాగా కాలినప్పుడు పేగుకు రక్తం తగ్గుతుంది, పొర పలచబడుతుంది, కణాల మధ్య సందులు వదులవుతాయి. క్రిములు, వాటి విషాలు ఆ సందుల్లోంచి లోపలికి జొరబడతాయి. రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం కాపలా కాసేది పేగు దగ్గరే. ఆ కాపలా నిలవాలంటే పేగులోకి తిండి పోవాలి. సెలైన్‌తో ఆ పని జరగదు.

1984లో అమెరికాలోని సిన్సినాటిలో వెస్లీ అలెగ్జాండర్ బృందం గినీ పందుల మీద ఈ సంగతే తేల్చింది. ఒళ్లు కాలిన 2 గంటలకే ఆహారం అందిన వాటి పేగు పొర నిలిచింది. 72 గంటలు ఆగిన వాటిది పలచబడింది. అందుకే ఇప్పుడు పెద్ద గాయాలవారికి 12 గంటల్లోపే, అవసరమైతే ముక్కులో గొట్టం వేసి ఆహారం మొదలుపెడతారు.

మరి ఖరీదైన పొడి డబ్బాలో? పేగు కణాలకు ఇష్టమైన ఇంధనం గ్లూటమిన్. అది విడిగా ఇస్తే మేలని చాలాకాలం ఆశపడ్డారు. 14 దేశాల్లో 1,200 మందికి పైగా రోగులపై జరిగిన పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. గ్లూటమిన్ తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్లకంటే త్వరగా కోలుకొని ఇంటికి పోలేదు! నోటికి తిండి సహించనప్పుడు పొడులు అక్కరకొస్తాయి. అప్పుచేసి కొనేంత మహత్తు మాత్రం వాటిలో లేదు.

లెక్క చూద్దాం. ఒళ్లు బాగా కాలిన 60 కిలోల మనిషికి రోజుకు 90 నుంచి 120 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డుకు 6 గ్రాములు, అర లీటరు పాలకు 16, నూరు గ్రాముల కందిపప్పుకు 22. కోడికూర, చేప, పెరుగు, పల్లీలు కలిస్తే లెక్క దగ్గరకొస్తుంది. ఉసిరి, జామ విటమిన్ సి ఇస్తాయి. ఒక్కసారి కడుపు నిండా తినలేకపోతే ఆరేడు సార్లుగా పెట్టొచ్చు. వేలికి చురుక్కుమన్న చిన్న గాయానికైతే ఈ హడావుడి అక్కర్లేదు, రోజూ తినేదే చాలు.

మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్నవారి లెక్క వేరు. ఆసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడే ఏవి, ఎంత పెట్టాలో కాగితం మీద రాయించుకుంటే, అమ్మమ్మకు చూపించడానికీ పనికొస్తుంది.