కోడి కాలికి కట్టు

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ అంటే ముసఫాకి ఆనుకుని ఉన్న విల్లాల పేట. ఎత్తు గోడల వెనక నాలుగు కోళ్లు పెంచుకునే ఇళ్లు ఇక్కడా కొన్ని ఉన్నాయి. మా పెరట్లో ఉన్నవి మూడు పెట్టలు. వాటిలో ఎర్రది ఈమధ్య కుంటడం మొదలుపెట్టింది.

కోడి నొప్పిని దాచుకునే జీవి. నీరసంగా కనిపిస్తే తోటి కోళ్లే పొడుస్తాయి మరి. అది బయటికి కుంటుతోందంటే ఎన్నాళ్లుగానో ఓర్చుకుంటోందన్నమాటే. చంకలో పెట్టుకుని అరికాలు తిప్పి చూస్తే వాపు, మధ్యలో నల్లటి పక్కు. దీన్నే బంబుల్‌ఫుట్ అంటారు. చాలాసార్లు కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. చిన్న గీత పడితే చాలు, లోపలికి దూరుతుంది. మనుషులకీ అంటుతుంది కనుక గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు.

మనకు గడ్డ పగిలితే చీము కారుతుంది. కోడికి అలా కాదు. లోపల చీము జున్నుముక్కలా గట్టిపడిపోతుంది. అందుకే నొక్కితే రాదు, మందు దాని లోపలికి సరిగా చేరదు. వాపు చిన్నదైతే గోరువెచ్చటి నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ కలిపి పావుగంట కాలు నానబెట్టి, తుడిచి, బెటాడిన్ రాసి, మెత్తటి గుడ్డ పెట్టి కట్టు కట్టాలి. కట్టు తడిసినా, మాసినా మార్చాలి. గడ్డ పెద్దదైనా, వాపు పైకి పాకుతున్నా పశువుల డాక్టరే కోసి తీయాలి. ఆలస్యమైతే ఎముకదాకా పోతుంది.

“కోడి ఖరీదు కన్నా ఫీజే ఎక్కువ కదా, కూర వండేయరాదూ?” అని అడిగినవాళ్లున్నారు. జబ్బు కోడిని, యాంటీబయాటిక్ వాడుతున్న కోడిని తినకూడదు. డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా గుడ్లూ అంతే. అయినా రోజూ గుడ్డు పెట్టిన పెట్టకి, కాలు నొచ్చిన రోజునే లెక్కలు కట్టడానికి నాకు మనసొప్పలేదు.

కట్టు కడితే సగం వైద్యమే అయినట్టు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, రూట్ కాజ్ వదిలేసి టికెట్ మూసేయడం. ఊళ్లో కోడి మట్టిలో, పెంటకుప్ప మీద గీరుకుంటూ తిరుగుతుంది. ఇక్కడ విల్లా చుట్టూ ఇంటర్‌లాక్ రాళ్లు, గరుకు కంకర. ఎండాకాలం మధ్యాహ్నం మనం చెప్పుల్లేకుండా నిలబడలేని నేల అది. ఎత్తయిన కర్ర మీంచి దాని మీదకి దూకిన ప్రతిసారీ ఒంటి బరువంతా ఆ అరికాళ్ల మీదే పడుతుంది. అందుకే పడుకునే కర్రని కిందికి దించాం. అంచులు నున్నగా తోమిన వెడల్పు చెక్క వేశాం. గూట్లో పొడి రంపపు పొట్టు పరిచి, తడిసిన చోట వెంటనే మారుస్తున్నాం. బరువు పెరగకుండా రొట్టెముక్కలు, అన్నం తగ్గించి, ఆకుకూరలు పెడుతున్నాం. ఎ విటమిన్ తక్కువైతే పాదం చర్మం త్వరగా పగులుతుంది.

మీరూ కోళ్లు పెంచుతుంటే వారానికోసారి వాటి అరికాళ్లు తిప్పి చూడండి. రెండు నిమిషాల పని. పక్కు గోరంత ఉన్నప్పుడే కనబడితే ఆ కోడికి కత్తి తప్పుతుంది, డాక్టరుదైనా, వంటింటిదైనా.