నెట్‌వర్క్ కూడళ్ళలో ప్యాకెట్ల పరిశీలన

భిలాయీ ఉక్కు కర్మాగారం 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నాటి నుండి తెలుగు, ఒడియా, మలయాళ, పంజాబీ, బెంగాలీ కుటుంబాలు అనేకం ఆ నగరానికి తరలివచ్చాయి. నేడు కోహ్కా వంటి పేటలలోని ఇళ్ళ నుండి స్వగ్రామానికి సాగే సంభాషణ, విద్యార్థి పంపే పరీక్ష దరఖాస్తు ‘ప్యాకెట్లు’ అనే చిన్న చిన్న తునకలుగా విడిపోయి ప్రయాణిస్తున్నవి. దరఖాస్తు గమ్యం చేరకుంటే ఒక విద్యాసంవత్సరమే వృథా కావచ్చు. మరి ఆ ప్యాకెట్ ఎక్కడ ఆగినదో కనుగొనుట ఎట్లు?

కర్మాగారానికి దల్లీ రాజహరా నుండి ఇనుప ఖనిజం, నందిని నుండి సున్నపురాయి వేర్వేరు రైలు మార్గాలలో వచ్చేవి. ఒక వ్యాగన్ కనిపించనిచో ఒకే ద్వారం వద్ద లెక్క చూచిన చాలదు. అన్ని ద్వారాల లెక్కలను ఒకే గడియారం ప్రకారం సరిపోల్చవలెను. కంప్యూటర్‌కు గల ద్వారాలను ‘ఇంటర్‌ఫేస్‌లు’ అంటారు. తీగ మార్గం ఒకటి, వైఫై మరొకటి, యంత్రం తనతో తాను మాట్లాడుకొనే అంతర్గత మార్గం ఇంకొకటి.

ఈ లెక్క తీయుటకు ‘టీసీపీడంప్’ అనే సాధనం కలదు. 1988లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో వాన్ జేకబ్‌సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకాన్ దీనిని రూపొందించారు. దీనికి బొమ్మలు, బటన్లు లేవు. ఆదేశాన్ని అక్షరాలలో టైపు చేయవలెను. సాధనం పేరు తరువాత అడ్డుగీతతో ‘ఐ’ అక్షరం, దాని వెంట ఇంటర్‌ఫేస్ పేరు వ్రాస్తే ఆ ద్వారాన్ని గమనిస్తుంది. లినక్స్‌లో పేరుకు బదులు ‘ఎనీ’ అని వ్రాస్తే అన్ని ద్వారాలనూ ఒకేసారి గమనిస్తుంది. అయితే ఈ పద్ధతిలో ఇతర యంత్రాలకు ఉద్దేశించిన ప్యాకెట్లు పట్టుబడవు. ఒకే ప్యాకెట్ రెండు ద్వారాలు దాటితే రెండుసార్లు కనిపించవచ్చు. ‘డంప్‌క్యాప్’ అనే మరొక సాధనంలో కోరిన ద్వారాలను మాత్రమే ఒక్కొక్కటిగా పేర్కొనవచ్చు. ఏ ప్యాకెట్ ఏ ద్వారాన పట్టుబడినదో ఫైలులో నమోదవుతుంది.

లోపలి ద్వారాన కనిపించిన ప్యాకెట్ వెలుపలి ద్వారాన కనిపించనిచో, దోషం ఆ యంత్రంలోనే ఉన్నదని దాదాపుగా చెప్పవచ్చు. రెండు చోట్లా కనిపించి జవాబు రానిచో, దోషాన్ని వెలుపల వెదకవలెను. దారిలో పంపినవారి చిరునామా మారే అవకాశం కలదు గనుక, గమ్యస్థానాన్ని, వరుస సంఖ్యను పోల్చి చూచుట మేలు.

ఈ శక్తికి హద్దు అవసరం. సందేశం సంకేత లిపిలో ఉన్నప్పటికీ, ఎవరు ఎవరితో ఎప్పుడు సంభాషించారో ప్యాకెట్లు తెలుపగలవు. అనుమతి లేక ఇతరుల నెట్‌వర్క్‌లో సమాచారం సేకరించుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ప్రకారం శిక్షార్హం కావచ్చు. కనుక విద్యార్థులు తమ సొంత యంత్రంపైన, లేదా అధ్యాపకుల అనుమతితో ప్రయోగశాలలోను మాత్రమే ఈ విద్యను అభ్యసించుట ఉచితం.