మంత్రగత్తెల వేట: చీకటి యుగానిది కాదు, అచ్చుయంత్రపు కాలానిది

బడి పుస్తకాల్లో ఐరోపా చరిత్ర ఒక వరుసలో సాగుతుంది. మధ్యయుగాలంటే చీకటి, మూఢనమ్మకం, పోపుల పెత్తనం. ఆ తర్వాత గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం, పునరుజ్జీవనం, లూథర్ మతసంస్కరణ, కోపర్నికస్, గెలీలియో. అంటే వెలుగు. మంత్రగత్తెలన్న నెపంతో మనుషులను తగలబెట్టింది ఈ కథలో ఎప్పుడు అని అడిగితే చాలామంది ఆలోచించకుండానే మొదటి భాగాన్ని చూపిస్తారు. తేదీలు మాత్రం అందుకు ఒప్పుకోవు. ఆ వేట ఉధృతంగా సాగింది 1560కీ 1660కీ మధ్య. షేక్‌స్పియర్ నాటకాలు రాసిన కాలం, కెప్లర్ గ్రహగతుల నియమాలు కనుగొన్న కాలం అదే.

ఇది ఊరికే కాలం లెక్కలో వచ్చిన పొరపాటు కాదు. నేరాన్ని చీకటి యుగం ఖాతాలో వేసేస్తే కొత్త చట్టాలు, కొత్త పుస్తకాలు, పోటీపడిన మతశాఖలు అందులో పంచుకున్న పాపం ఎవరి కంటా పడదు.

అపోహ: ఇది మధ్యయుగాల మూఢత్వం

క్రీ.శ. 906 ప్రాంతంలో రెగినో అనే మఠాధిపతి చర్చి నియమాలను ఒకచోట కూర్చాడు. అందులోని ఒక నియమం ‘కానన్ ఎపిస్కోపీ’గా పేరుపడింది. రాత్రిపూట డయానా దేవతతో కలిసి జంతువులెక్కి ఊరూరా తిరుగుతామని కొందరు స్త్రీలు చెప్పుకొనేది వట్టి భ్రమ అనీ, దాన్ని నిజమని నమ్మడమే తప్పనీ ఆ నియమం చెబుతుంది. అంతకు వందేళ్ల ముందే చార్లెమేన్ చక్రవర్తి శాక్సన్ల కోసం ఒక శాసనం చేశాడు. మంత్రగత్తె అనుకుని ఎవరినైనా కాల్చి చంపితే, చంపినవాడికే మరణశిక్ష అని అందులో ఉంది.

పల్లెల్లో దిష్టి, చెడుపు భయాలు లేవని కాదు. ఆవు పాలివ్వకపోతే, పసిబిడ్డకు జ్వరమొస్తే పొరుగింటామె మీదికి అనుమానం పోవడం అప్పుడూ ఉంది. మంత్రవిద్య పేరుతో అక్కడక్కడా శిక్షలూ పడ్డాయి. అయితే సైతానుతో ఒప్పందం చేసుకుని, గాలిలో ఎగిరి, రాత్రి సభల్లో కలుసుకునే పెద్ద కుట్రముఠా ఒకటి ఉందన్న ఊహ 15వ శతాబ్దంలో, ఆల్ప్స్ పర్వతాల చుట్టుపక్కల రూపుకట్టింది.

ఆ ఊహను పుస్తకంగా అచ్చేయించిన హైన్రిక్ క్రామర్ సంగతి కాస్త వివరంగా చూడాలి. 1485లో ఈ డొమినికన్ సన్యాసి పోపు ఉత్తర్వు చేతపట్టుకుని ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ చేరాడు. హెలెనా షోయ్‌బెరిన్ అనే మహిళ అతన్ని బహిరంగంగానే తిట్టింది, అతని ప్రసంగాలకు పోవద్దని నలుగురికీ చెప్పింది. క్రామర్ ఆమెనూ మరికొందరు స్త్రీలనూ విచారణకు లాగాడు. అడిగినవన్నీ ఆమె లైంగిక జీవితం గురించిన ప్రశ్నలే. బిషప్ ప్రతినిధి అడ్డుతగిలాడు, వీటికీ కేసుకూ సంబంధం లేదన్నాడు. స్త్రీల తరఫు న్యాయవాది విచారణ పద్ధతిలోని లోపాలు బయటపెట్టాడు. కేసు కొట్టేశారు, అందరినీ వదిలేశారు. బిషప్ జార్జ్ గోల్సర్ క్రామర్‌కు ఊరు విడిచి పొమ్మని కబురుపెట్టాడు, ముసలితనంలో అతనికి మతి తప్పిందని ఒక లేఖలో రాశాడు.

ఆ అవమానం తర్వాత క్రామర్ రాసిందే ‘మాలియస్ మాలెఫికారమ్’. 1486లో జర్మనీలోని స్పయర్ నగరంలో అచ్చయింది. ఒక న్యాయస్థానం కొట్టేసిన వాదన అచ్చుయంత్రం దయవల్ల ఐరోపా అంతటా తిరిగింది. 1520 నాటికే పదికి పైగా ముద్రణలు వచ్చాయి.

పుస్తకం ఒక్కటే ఇంత పని చేసిందనడం కూడా సరికాదు. అసలు వేట మొదలవడానికి ఇంకో రెండు తరాలు పట్టింది. ఈలోగా పశ్చిమ ఐరోపా క్రైస్తవం క్యాథలిక్, ప్రొటెస్టెంట్ శాఖలుగా చీలింది. ఎవరికి వారు తమ రాజ్యంలోని ప్రజలను సైతాను నుంచి కాపాడుతున్నామని రుజువు చేసుకోవాలనుకున్నారు. ఇక వాతావరణం కూడా చల్లబడి పంటలు దెబ్బతిన్నాయి. 1626 మే నెలాఖరులో జర్మనీలోని ఫ్రాంకోనియాలో మంచు పడి ద్రాక్షతోటలు మాడిపోయాయి. ఎవరో మంత్రం వేసి మంచు కురిపించారని, వాళ్లను పట్టుకోవాలని జనమే అధికారుల మీద పడ్డారు. బాంబెర్గ్, వుర్ట్స్‌బర్గ్ నగరాల్లో అతి ఘోరమైన వేట ఆ తర్వాతి నాలుగైదేళ్లలోనే జరిగింది.

అపోహ: తొంభై లక్షల మంది స్త్రీలను చంపారు

1784లో జర్మనీలోని క్వెడ్లిన్‌బర్గ్ పట్టణంలో ఫోయ్‌గ్ట్ అనే అధికారి పాత దస్త్రాలు తిరగేశాడు. వాటిలో దొరికిన కొద్దిపాటి కేసులను ఆధారం చేసుకుని, ఆ ఊరి జనాభాను ఐరోపా జనాభాతో పోల్చి, శతాబ్దాల లెక్కన హెచ్చవేసుకుంటూ పోయాడు. 94 లక్షలకు పైన తేలింది. ప్రతి ఊళ్లోనూ, ప్రతి శతాబ్దంలోనూ ఒకే లెక్కన చంపారని అనుకుంటేనే ఆ అంకె నిలబడుతుంది. ఎక్కడా అలా జరగలేదు.

అయినా అంకె చావలేదు. 19వ శతాబ్దంలో చర్చిని వ్యతిరేకించినవారు వాడుకున్నారు. నాజీలు కూడా వాడుకున్నారు. చర్చి జర్మన్ జాతి స్త్రీలను మట్టుపెట్టిందని నిరూపించాలని నాజీ నాయకుడు హిమ్లర్ 1935లో ఒక ప్రత్యేక బృందాన్నే నియమించాడు. వాళ్లు ఏళ్ల తరబడి వెతికి ముప్పై వేలకు పైగా కార్డులు తయారుచేశారు. లక్షలు మాత్రం దొరకలేదు. 20వ శతాబ్దపు స్త్రీవాద ఉద్యమంలోనూ అదే అంకె మళ్లీ వినిపించింది.

న్యాయస్థానాల దస్త్రాలను ఊరూరా పరిశీలించిన చరిత్రకారులు నేడు వేస్తున్న అంచనా 40 వేల నుంచి 60 వేల మరణశిక్షలు. అందులో సగం దాకా జర్మన్ భాషా ప్రాంతాలు ఎక్కువగా ఉన్న పవిత్ర రోమన్ సామ్రాజ్యంలోనే పడ్డాయి. ఒక్కొక్క శిక్ష వెనకా ఒక మనిషి ఉన్నారు. వాళ్లకు న్యాయం జరగాలంటే లెక్క సరిగ్గా ఉండాలి.

అపోహ: ఇదంతా ఇన్‌క్విజిషన్ పని

గురుగ్రహం చుట్టూ ఉపగ్రహాలు తిరుగుతున్నాయని గెలీలియో లోకానికి చెప్పిన 1610లోనే, స్పెయిన్‌లోని లోగ్రోన్యో పట్టణంలో క్యాథలిక్ చర్చి మతవిచారణ సంస్థ అయిన ఇన్‌క్విజిషన్ ఆరుగురిని మంత్రగత్తెలూ మాంత్రికులూ అంటూ కాల్చింది. అప్పటికే చెరసాలలో చనిపోయిన మరో ఐదుగురి బొమ్మలను తగలబెట్టింది. ఇది నిజం. ఆ తర్వాత జరిగింది కూడా అంతే నిజం.

తీర్పు చెప్పిన ముగ్గురిలో ఒకడైన అలొన్సో దె సలసార్‌కు మనసు ఒప్పలేదు. 1611లో నవార్ కొండల్లోకి బయల్దేరి నెలల తరబడి ఊళ్లు తిరిగాడు. 1,800 మందికి పైగా వాంగ్మూలాలు తీసుకున్నాడు. అందులో ఎక్కువమంది పిల్లలు. మంత్రాల లేపనాలని చెప్పి తెచ్చిచ్చినవాటిని వైద్యులకు చూపించాడు, జంతువులకు తినిపించి చూశాడు. వాటికి ఏమీ కాలేదు. ఒకరు చెప్పింది మరొకరు చెప్పినదానితో సరిపోతుందా అని, మనుషులను విడివిడిగా కూర్చోబెట్టి అడిగాడు. సరిపోలేదు. ఒక్క మంత్రక్రియ జరిగిందనడానికి కూడా తనకు ఆధారం దొరకలేదనీ, ఊళ్లలో ఈ విషయం మీద ప్రసంగాలూ రాతలూ మొదలయ్యాకే మంత్రగత్తెలు పుట్టుకొచ్చారనీ పై అధికారులకు రాసిచ్చాడు. 1614లో స్పెయిన్ ఇన్‌క్విజిషన్ ఇలాంటి ఆరోపణలను అదుపుచేసే కొత్త నిబంధనలు పెట్టింది. ఇన్‌క్విజిషన్ పట్టు గట్టిగా ఉన్న స్పెయిన్, పోర్చుగల్, ఇటలీల్లో ఈ నేరానికి పడిన మరణశిక్షలు జర్మనీతో పోలిస్తే చాలా స్వల్పం. మతం మారిన యూదుల మీద, మతభేదం ఉన్నవారి మీద అదే సంస్థ సాగించిన క్రూరత్వం వేరే కథ. దాన్ని ఇది మాఫీ చేయదు.

మరి చంపిందెవరు? ఎక్కువ చోట్ల రాజ్యపు న్యాయస్థానాలు. ఐదో చార్లెస్ చక్రవర్తి 1532లో తెచ్చిన శిక్షాస్మృతి హాని చేసే మంత్రవిద్యకు మరణశిక్ష విధించింది, నేరం ఒప్పించడానికి చిత్రహింసను అనుమతించింది. దానికి పెట్టిన హద్దులను చిన్న చిన్న సంస్థానాల న్యాయాధికారులు లెక్కచేయలేదు. పై కోర్టు గట్టిగా ఉన్న చోట మనుషులు బతికారు. కింది కోర్టులు వేసిన మరణశిక్షల్లో చాలావాటిని పారిస్ పార్లమాఁ అనే పై కోర్టు అప్పీలులో రద్దుచేసింది. పై అదుపు సరిగ్గా లేని స్కాట్లాండులో, ప్రొటెస్టెంట్ మతసంస్కరణ తర్వాత, 3,800 మందికి పైగా ఆరోపణలు ఎదుర్కొన్నారు. క్యాథలిక్కా, ప్రొటెస్టెంటా అన్నది ఈ విషయంలో పెద్ద తేడా చూపలేదు.

అపోహ: బలైంది ఒంటరి ముసలమ్మలు, మంత్రసానులే

ఐరోపా మొత్తమ్మీద చనిపోయినవారిలో నాలుగింట మూడొంతులకు పైగా స్త్రీలే. ఈ మాటను తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ నార్మండీలో, ఐస్‌లాండ్‌లో శిక్ష పడినవారిలో అత్యధికులు పురుషులు. మంత్రసానులపై ప్రత్యేకంగా పగబట్టారన్నది దస్త్రాల్లో కనిపించదు. చాలా కేసుల్లో కోర్టే వాళ్లను పిలిపించి, నిందితురాలి ఒంటిమీద సైతాను గుర్తులున్నాయేమో చూడమనేది.

బాంబెర్గ్‌లో వేట నగర పెద్దలదాకా పాకింది. యోహానెస్ యూనియస్ ఆ నగర మేయరు. ఆయన భార్యకు అప్పటికే ఇదే నేరం మీద మరణశిక్ష అమలైంది. 1628 జూన్‌లో ఆయన్నూ పట్టుకెళ్లారు. బొటనవేళ్లను మరలతో బిగించారు, చేతులు వెనక్కి విరిచికట్టి తాడుతో పైకి లాగి కిందికి వదిలారు. ఇలా ఎనిమిదిసార్లు. చివరికి నేరం ఒప్పుకున్నాడు. జులై 24న, విరిగిన చేతులతో కూతురు వెరోనికాకు దొంగచాటుగా ఉత్తరం రాశాడు. ఒప్పుకున్నదంతా కల్పన అని అందులో చెప్పాడు. ఈ బాధ మీరు తట్టుకోలేరు, ఏదో ఒకటి కల్పించి చెప్పండని తలారే తనను బతిమాలాడని రాశాడు. అక్కడితో వదల్లేదు, ఇంకెవరున్నారో చెప్పమన్నారు. పేర్లు గుర్తురావడం లేదంటే ఒక్కో వీధి పేరు చెప్పి, ఆ వీధిలో ఎవరని అడిగారు. నగరం నిండా ‘మంత్రగత్తెలు’ ఎలా తయారయ్యారో ఆ ఒక్క వివరం చాలు. ఆగస్టులో ఆయన్ను చంపారు. ఉత్తరం ఇప్పటికీ ఉంది.

బాంబెర్గ్‌ను పాలించినవాడు బిషప్పే, రాజ్యాధికారమూ ఆయనదే. విచారించింది మాత్రం ఆయన రాజ్యపు కమిషనర్లు, ఇన్‌క్విజిషన్ కాదు.

అపోహ: అందరినీ సజీవదహనం చేశారు

ఇంగ్లాండులో ఈ నేరానికి ఉరి. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని ఉరితీశారు, విచారణకు ఒప్పుకోని ఒక వృద్ధుణ్ని రాళ్ల బరువుతో నొక్కి చంపారు. అక్కడ ఒక్కరినీ కాల్చలేదు. స్కాట్లాండులో, జర్మనీలోని అనేక చోట్ల ముందు గొంతు బిగించి, లేదా తల నరికి, శవాన్ని కాల్చేవారు.

అపోహ: విజ్ఞానశాస్త్రం రాగానే మూఢనమ్మకం పోయింది, వేట ఆగింది

1615లో జర్మనీలోని లియోన్‌బర్గ్ పట్టణంలో ఉర్సులా రైన్‌బోల్డ్ అనే మహిళ, పొరుగింటి కథారినా కెప్లర్ ఇచ్చిన పానీయం తాగాకే తనకు జబ్బు చేసిందని ఆరోపించింది. కథారినా కొడుకు మరెవరో కాదు, చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడు యోహానెస్ కెప్లర్. 1620లో అరెస్టు చేసినప్పుడు ఆమెకు డెబ్బై దాటాయి. తండ్రి పుర్రెను తవ్వి ఇమ్మని కాటికాపరిని ఆమె అడిగిందనేది ఆరోపణల్లో ఒకటి. వెండి తొడుగు వేయించి కొడుక్కి పానపాత్రగా ఇద్దామన్నది ఆమె ఉద్దేశం. సంకెళ్లలో పద్నాలుగు నెలలు గడిపింది.

కెప్లర్ తన పనులన్నీ పక్కనపెట్టి వచ్చాడు. ఆయన సమర్పించిన వాదనలో మంత్రగత్తెలు అసలు లేరన్న మాట ఎక్కడా లేదు. సాక్షులు ఎవరు, ఎప్పుడు చూశారు, ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు, ఆ జబ్బుకు మందులు, వయసు లాంటి మామూలు కారణాలు లేవా అంటూ ఒక్కో ఆరోపణనూ విప్పి చూపించాడు. టూబింగెన్ న్యాయపండితులు పూర్తి చిత్రహింసకు అనుమతించలేదు, పరికరాలు చూపించి భయపెట్టమన్నారు. 1621 సెప్టెంబరులో తలారి ముందు నిలబెట్టినా ఆమె ఒప్పుకోలేదు. విడుదలైంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో చనిపోయింది.

వేటను ఆపింది ఎక్కువగా సాక్ష్యాలను ఇలా పరీక్షించే పనే. ఫ్రీడ్రిక్ స్పే అనే జెసూయిట్ మతగురువు 1631లో పేరు వేసుకోకుండా ‘కౌసియో క్రిమినాలిస్’ ప్రచురించాడు. చిత్రహింస పెడితే ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారన్నది అందులో ఆయన చేసిన ప్రధాన వాదన. నమ్మకం మాత్రం చాలాకాలం కదలలేదు. శాస్త్రవేత్తల సంఘమైన లండన్ రాయల్ సొసైటీ సభ్యుడు జోసెఫ్ గ్లాన్విల్ మంత్రగత్తెలు నిజంగానే ఉన్నారని వాదిస్తూ పుస్తకం రాశాడు. ఫ్రాన్స్‌లో 1682లో, ప్రష్యాలో 1714లో ఈ కేసులకు రాజులే కళ్లెం వేశారు. బ్రిటన్ 1735 చట్టంతో ఈ నేరాన్నే తొలగించింది.

చట్టం మారినంత తొందరగా జనం మారలేదు. 1751లో ఇంగ్లాండులోని ట్రింగ్ ప్రాంతంలో రూత్ ఆస్బోర్న్ అనే వృద్ధురాలిని మంత్రగత్తె అంటూ గుంపు నీళ్లలో ముంచి చంపింది. ఈసారి కోర్టు ఎక్కింది గుంపు. దాన్ని నడిపించిన థామస్ కోలీని హత్యానేరం కింద ఉరితీశారు. బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ మనుషులను కొట్టి, తగలబెట్టి చంపుతున్నారు. అక్కడా కోర్టు ఎక్కేది చంపినవాళ్లే, ఆ చర్య బాధితుల ప్రాణం పోయాకే.

స్విట్జర్లాండులోని గ్లారుస్‌లో మంత్రవిద్య ఆరోపణ ఎదుర్కొన్న అన్నా గోల్డీ అనే పనిమనిషికి 1782లో తల నరికే శిక్ష అమలైంది. ఆమె నిర్దోషి అని గ్లారుస్ పార్లమెంటు 2008లో ప్రకటించింది. స్కాట్లాండ్ ప్రభుత్వం తమ దేశపు బాధితులందరికీ 2022 మార్చి 8న అధికారికంగా క్షమాపణ చెప్పింది.